ముట్టిస్తే మాట ఇచ్చినట్టే

లుయానో, హవానా
1995 ఫిబ్రవరి 19

తమ్ముడు ఎవెలియోకి,

నీ అక్క ఒబ్దులియా చెబుతుండగా మనవరాలు నెరెయిద రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, సొంత తెలివి కలపకూడదనీ దీని చేత ముందే ఒట్టు వేయించాను. రాశాక పైకి చదివించుకుంటాను. అప్పటికీ నమ్మకం కుదరకపోతే పక్కింటి మిగ్దాలియా చేత ఇంకోసారి చదివిస్తాను. కాబట్టి ఇందులోని ప్రతి మాటా నాదే అనుకో.

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. కరెంటు ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. కాఫీలో సగం బఠానీ పొడే. ఇవన్నీ నీకూ తెలిసిన కష్టాలే, వదిలెయ్. ఈ ఉత్తరం రాయించడానికి కారణం వేరు. మన కుటుంబంలో మిగిలిన మగదిక్కు నువ్వొక్కడివే. తీర్పు చెప్పాలి. ఏ తీర్పు చెప్పాలో కూడా నేనే చెబుతాను, నువ్వు ఔనంటే చాలు.

నెరెయిదని చేసుకుంటానని ఒకడు వచ్చాడు. పేరు ఒస్మెల్. తూర్పువాడు, బరకోవా నుంచి వచ్చాడు. మన వీధి చివర బల్ల వేసుకుని లైటర్లలో గ్యాసు నింపుతాడు. సైకిలు మీద తిరిగి ఇళ్లలో ఫ్యాన్లు, కిరోసిన్ పొయ్యిలు బాగుచేస్తాడు. మాట్లాడితే సగం మాట గొంతులోనే మింగేస్తాడు. అలాంటివాడి మీద దీని కళ్లు పడ్డాయి. ఇరవై నాలుగేళ్లకే దీనికి చూపు పోయింది.

(పోలేదు, చిన్న తాతయ్యా. ఇది నేను సొంతంగా కలిపినది. అమ్మమ్మకి చదివి వినిపించాను, "ఉండనీ, దాని సిగ్గులేనితనానికి సాక్ష్యంగా ఉంటుంది" అంది. – నెరెయిద)

పోయిన ఆదివారం వాడు చుట్టల పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. మన ఇంటి పద్ధతి నెరెయిదే వాడి చెవిన వేసి ఉంటుంది. నాన్న కాలం నుంచీ అంతే కదా. పిల్లనడగడానికి వచ్చినవాడు చుట్టలు తేవాలి. ఇంటి పెద్ద అందులో ఒకటి తీసి నలుగురి ముందూ ముట్టిస్తే మాట ఇచ్చినట్టే. ముట్టించకుండా పక్కన పెడితే ఇంకా ఆలోచిస్తున్నట్టు. పెట్టె తిరిగి చేతిలో పెడితే గుమ్మం దిగమన్నట్టు. నోరు విప్పాల్సిన పనే లేదు. మా ఆయన ఎలాదియో నన్నడగడానికి తెచ్చిన చుట్టని నాన్న ముట్టించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వప్పుడు నిక్కరు వేసుకుని మామిడికొమ్మ మీద ఉన్నావు.

పెట్టె తెరవకముందే నాకు అనుమానం వచ్చింది. పక్కనున్న ముద్ర కాగితం అంచుల్ని ఎవరో కత్తెరతో కోసినట్టుంది. దాని మీది బొమ్మ, ఏడ్చిన మొహం మీది కాటుకలా చెదిరింది. మూత ఎత్తాను. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో చుట్టల్ని ముదురు రంగు నుంచి లేత రంగుకి వరసగా పేర్చేవాళ్లు. ఒక్కటి అటూ ఇటూ అయినా పెట్టె వెనక్కి వచ్చేది. ఇవేమో వాన మొదలైతే బస్సులోకి తోసుకెక్కిన జనంలా ఉన్నాయి, ఎవడి పక్కన ఎవడో. చుట్ట నడుముకి ఉన్న కాగితం పట్టీ మీద బొటనవేలు పెట్టి రుద్దాను. అసలు పట్టీ మీద బంగారు అచ్చు వేలికి తగులుతుంది. ఇది సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. ఒకటి తీసి నొక్కాను. ఒకచోట చెరకు కణుపులా గట్టిగా, ఒకచోట దూదిలా మెత్తగా ఉంది. కొనలోకి చూస్తే ఆకు మడతలు కనబడాలి, తరుగుపొట్టు కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బెల్లం నీళ్లు, వార్నీషు, వాటి వెనకాల దాక్కుని అరటాకు. ఎండిన అరటాకు, తమ్ముడూ! పైన పటారం, లోన లొటారం.

"ఒకటి ముట్టించరా, అమ్మమ్మగారూ?" అన్నాడు వాడు, కుర్చీ అంచున కూర్చుని.

"నాకివాళ దగ్గుగా ఉంది" అన్నాను.

"నిన్న రెండు కాల్చావుగా అమ్మమ్మా" అంది ఇది.

"నిన్నటి దగ్గు వేరు" అన్నాను. పెట్టె మూసి అలమర మీద పెట్టేశాను. నకిలీవని వాడితో అనలేదు. దీన్ని కూడా అననివ్వకుండా ఒట్టు వేయించాను. తీర్పు రాకముందే ముద్దాయికి సమాచారం అందకూడదు. మేం ఫ్యాక్టరీలో పొగాకు ఈనెలు తీస్తుంటే ఎత్తుపీట మీద కూర్చుని నవలలు చదివి వినిపించేవాడు కదా ఒకాయన, ఆయన నోట ఎన్ని కోర్టు కథలు విన్నాను! న్యాయం ఎలా నడవాలో నాకు తెలుసు.

సాక్ష్యంగా రెండు చుట్టలు గుడ్డలో చుట్టి, మీ ఊరు వచ్చే లారీవాడి చేతికి ఈ ఉత్తరంతో పాటు ఇస్తున్నాను. బాగా పరీక్షించి, నకిలీవని నీ నోటితో చెప్పు. ఆ తర్వాత పెట్టె వాడి చేతిలో పెట్టేస్తాను.

మరదలు జెనాయిదకి ముద్దులు. నీకు తీర్పు వచ్చాక.

నీ అక్క
ఒబ్దులియా (వేలిముద్ర)


సాన్ లూయిస్, పినార్ దెల్ రియో
మార్చి 5

అక్కా,

చాన్నాళ్లకి నీ గొంతు విన్నట్టయింది. కాగితం మీద కూడా అరవగలిగే మనిషివి నువ్వే. ఇక్కడ ఆకు కోత చివరికొచ్చింది. కొట్టం నిండా కర్రలకి ఆకులు వేలాడుతున్నాయి. జెనాయిద వాటి కింద నడుస్తూ తలలో పొగాకు వాసన పోవడం లేదని నన్ను తిడుతుంది, నలభై ఏళ్లుగా ఇదే తిట్టు.

నువ్వు పంపిన రెండూ చేరాయి. పరీక్షించమన్నావు కనుక శ్రద్ధగా పరీక్షించాను. సాయంత్రం స్నానం చేసి, వరండాలో ఊగే కుర్చీ వేసుకుని, పట్టీ తీయకుండా ఒకటి ముట్టించాను.

అక్కా, నీ ముక్కు అబద్ధం చెప్పలేదు. లోపల నేల ఊడ్చిన పొట్టు. మూడో వంతు కాలేసరికి అరటాకు పలకరించింది. గొంతులో పిల్లి దిగినట్టయింది. కానీ పైన చుట్టిన ఆకు మాత్రం మంచిది, ఎవడో పాపం కష్టపడి పండించినది. తీర్పు రాద్దామనుకుంటూ ఉండగానే దారిన గుర్రం మీద మన పొరుగు బెలార్మినో వచ్చాడు.

"ఏం ఎవెలియో, బంగారు పట్టీ చుట్టా? లాటరీ తగిలిందా?"

"లేదోయ్. హవానాలో మా అక్క మనవరాలిని అడగడానికి వచ్చిన కుర్రాడు తెచ్చాడు" అన్నాను. అంతే అన్నాను, అక్కా. ప్రమాణం.

వాడు టోపీ తీసేశాడు. "ముట్టించేశావే! అయితే ఖాయమైనట్టే!" అన్నాడు. నేను చుట్ట వైపు చూశాను. చుట్ట నా వైపు చూసింది. అప్పటికి సగం కాలిపోయింది.

మన పద్ధతి ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు కదా. చీకటి పడేలోపు వరండా నిండిపోయింది. ఒకడు రమ్ము తెచ్చాడు, ఒకడు గిటారు తెచ్చాడు. జెనాయిద ఏడ్చింది. అందరూ చూస్తుండగా ఆర్పితే పిల్లకి అపశకునమని, ఆ అరటాకు మొత్తం చివరిదాకా కాల్చాను. బెలార్మినో తన పెద్ద పందిని పెళ్లికి రాసిచ్చాడు. అంత మాట అన్నవాడికి రెండో చుట్ట ఇవ్వకపోతే ఏం మర్యాద? ఇచ్చాను. కాల్చి, "హవానా రుచే వేరు" అన్నాడు.

పెళ్లి ఎప్పుడో రాయి. అందాకా పందిని మేపుతుంటాం.

నీ తమ్ముడు
ఎవెలియో


లుయానో
మార్చి 8

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఒక మాట చెప్పడం మరిచాను, అందుకని మళ్లీ రాయిస్తున్నాను. ఆ చుట్టల దగ్గరికి అగ్గిపుల్ల రానివ్వకు. చాకుతో నిలువునా చీల్చు, పరిచి చూడు, వాసన చూడు. పరీక్ష అంటే అది. మా ఈనెలు తీసే గదిలో అలాగే చేసేవాళ్లం. ఈ మాట వేరే చెప్పాలా అనుకున్నాను గానీ, నువ్వు నువ్వే కనుక చెబుతున్నాను.

ముద్దాయి మీద ఇంకో నేరం బయటపడింది. వాడు సైకిలు తేవడం మానేశాడు. ఇదివరకు నన్ను వెనక కూర్చోబెట్టుకుని పాలీక్లినిక్కుకి తీసుకెళ్లేవాడు. నా కోసమే కదా ఆ సీటుకి మెత్త కట్టి, పాత మేజాగుడ్డలోంచి నిమ్మకాయల బొమ్మలున్న ముక్క కోసి నా చేత్తో కుట్టాను! ఇప్పుడు నడిచి వస్తున్నాడు, చెమటలు కక్కుకుంటూ.

"సైకిలేదిరా?" అంటే, "రిపేరులో ఉంది, అమ్మమ్మగారూ" అంటాడు.

ఊరందరి ఫ్యాన్లు బాగుచేసేవాడి సైకిలు రిపేరులో ఉందట! పెట్టె ఇచ్చేశాడు కదా, పిల్ల వచ్చేసినట్టే అనుకున్నాడు. ఇక ముసలిదాని బరువు ఎందుకు మోయాలని దాచేశాడు. ఇది నెరెయిదతో అంటే, "నీ బరువు మోయడం ఎవరికైనా కష్టమే" అంటుంది. దీన్ని పెంచింది నేనే. వీళ్లమ్మ, నా కూతురు, పోతూ పోతూ దీన్ని నా ఒళ్లో పెట్టి వెళ్లింది. అప్పుడు కూడా ఇంతే నోరు.

ఆదివారాలు వాడు వచ్చి అలమర మీదికి చూస్తాడు. పెట్టె అలాగే ఉంటుంది. చూపు దించుకుని ఫ్యాను తుడుస్తాడు. నటన బాగా వచ్చు.

త్వరగా తీర్పు పంపు.

ఒబ్దులియా (వేలిముద్ర)


లుయానో
మార్చి 19

ఎవెలియో,

తమ్ముడు అనే మాట ఈసారి రాయించడం లేదు.

నీ ఉత్తరం ఇది చదువుతుంటే నా కాళ్ల కింద నేల కదిలింది. దొంగతనానికి సాక్ష్యం పంపితే దాన్ని కాల్చుకుని తాగే న్యాయమూర్తి ఏ నవల్లోనూ లేడు. పైగా రెండో సాక్ష్యాన్ని గుర్రం మీద పోయేవాడికి ఇచ్చాడు!

ఒక్క సంగతి విను. పిల్లనిచ్చేది ఎవరింటి నుంచి? నా ఇంటి నుంచి. ఈ ఇంటి పెద్ద ఎవరు? నేను. నువ్వు నీ వరండాలో ముట్టిస్తే నీ ఇంట్లోని ఆడదాన్ని ఇచ్చినట్టు. నీ ఇంట్లో జెనాయిద తప్ప ఎవరూ లేరు. ఇస్తావా జెనాయిదని ఒస్మెల్‌కి? ఇవ్వవు కదా. అయితే నువ్వు ముట్టించింది చెల్లదు. పందిని మళ్లీ బురదలోకి తోలు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ఇది వంటింట్లో పాటలు పాడుతోంది. మిగ్దాలియా వచ్చి, "చిన్న తాతయ్య ముట్టించాడటగా, శుభం" అంది. ఆమెని గడప దాటించేసరికి నా గొంతు పోయింది.

మీరంతా నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. తూర్పువాడని, పేదవాడని వంక పెడుతోంది అనుకుంటున్నారు. ఎలాదియో మాత్రం మేడలోంచి దిగాడా? రేవులో మూటలు మోసేవాడు. ఒకే ఒక్క చుట్ట తెచ్చాడు, అది కూడా పట్టీ లేనిది. నాన్న ఏమన్నా అన్నాడా? నా కడుపుమంట పేదరికం మీద కాదు. నలభై ఏళ్లు పొగాకు తాకిన చేతుల్లో అరటాకు పెట్టి, దానికి బంగారు పట్టీ కట్టి, "ముట్టించండి అమ్మమ్మగారూ" అన్నాడే, అక్కడ. ఈ ముసలిదానికి చదువు రాదు, ఆకు గురించి కూడా తెలియదనుకున్నాడు. నన్ను ఇంత తేలిగ్గా మోసం చేయొచ్చనుకున్నవాడు రేపు నెరెయిదనేం చేస్తాడు? దీనికి నేను తప్ప ఎవరున్నారు? అది ఆలోచించావా నువ్వు, రమ్ము తాగుతూ?

నువ్వు రాతపూర్వకంగా వెనక్కి తీసుకో. ఆ ఉత్తరం రాగానే పెట్టె వాడి చేతిలో పెడతాను.

ఒబ్దులియా (వేలిముద్ర, గట్టిగా నొక్కినది)


సాన్ లూయిస్
ఏప్రిల్ 2

అక్కా,

పందికి నీ మాట చెప్పాను. అది పట్టించుకోలేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ పొగాకు పండించేవాడికి పరీక్షించమని రెండు చుట్టలు పంపితే వాడు నిప్పు తప్ప ఇంకేం వాడతాడు? మీ గదిలో ఆకుని చీల్చి చూస్తారు. మా దగ్గర కాలితే గానీ ఆకు నోరు విప్పదు. నీ పని నీకు నేర్పింది, నా పని నాకు నేర్పింది. చివరికి ఇద్దరం ఒకే మాట అంటున్నాం కదా: అవి నకిలీవి. అందులో మనకి తగువు లేదు.

తగువు ఎక్కడుందంటే, వాడు దొంగ అన్నావు నువ్వు. ఆ మాట చుట్టలో నాకు కనబడలేదు.

నీకు మూత ఎత్తకముందే తెలిసింది. ఎందుకు తెలిసింది? నువ్వు ఒబ్దులియావి. బరకోవా కుర్రాడికి కొబ్బరికాయ ఇచ్చి చూడు, ఏ చెట్టుదో చెబుతాడు. కోకో గింజ ఇచ్చి చూడు, ఏ కొండదో చెబుతాడు. చుట్ట ఇస్తే ఏం చెబుతాడు? లైటర్లు నింపుతాడు గానీ వాటితో జనం ఏం ముట్టిస్తారో చూడడు. మోసం చేసినవాడి చేతిలోనూ, మోసపోయినవాడి చేతిలోనూ ఉండేది ఒకే పెట్టె, అక్కా. పెట్టె చూసి మనిషిని చెప్పలేం.

నువ్వు వాడిని అడిగావా? ఎక్కడ కొన్నావు, ఎలా కొన్నావు అని ఒక్కసారి అడిగావా? ఇన్ని ఉత్తరాల్లో ఆ ఒక్క ముక్క లేదు. తీర్పు ఇవ్వమన్నావు కదా, ఇదే నా తీర్పు: అడుగు. వాడికి తెలిసే చేశాడని తేలితే, నేను ముట్టించింది నేనే ఆర్పేసినట్టు రాసిస్తాను. బెలార్మినోకి కూడా నేనే చెప్పుకుంటాను.

ఎవెలియో

వదినా, నన్ను ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, నేను ఇక్కడే ఉంటాను. మీ తమ్ముడికి ఆ చుట్ట కాల్చాక రెండు రోజులు జలుబు చేసింది. దేవుడు చూస్తూనే ఉంటాడు. – జెనాయిద


లుయానో
ఏప్రిల్ 16

తమ్ముడూ,

నేను వాడిని అడగలేదు. నేను ఎవరినీ అడగను. కానీ జరిగింది విను. రాస్తున్న దీనికి కూడా ఇంకా చెప్పలేదు. ఇప్పుడు నీతో పాటే వింటుంది.

నిన్న శనివారం దుంపల కోసం రైతుబజారుకి వెళ్లాను. వెల్లుల్లి అమ్మేవాడితో బేరం పడలేదు, తిట్టి వెనక్కి తిరిగాను. ఎదురుగా సైకిలు. వెనక సీటు మెత్త మీద నిమ్మకాయల బొమ్మలు. నా కుట్టు నాకు తెలియదా? సైకిలు తొక్కుతున్నది ఒస్మెల్ కాదు. పూల చొక్కా, చేతికి మెరిసే గడియారం.

"దొంగ! సైకిలు దొంగ!" అని హ్యాండిలు పట్టేసుకున్నాను. దుంపల సంచి పడిపోయింది, పడితే పడింది. జనం మూగారు.

"పెద్దమ్మా, కాస్త మెల్లగా! ఈ చిచోని పట్టుకుని దొంగ అంటావా? ఇది నాది. మారకానికి వచ్చింది" అన్నాడు.

"దేనికి మారకం?"

"అది నీకెందుకు?"

"ఈ నిమ్మకాయలు కుట్టింది నేను. అందుకు."

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక చుట్టల పెట్టెకి పెద్దమ్మా. తూర్పు కుర్రాడొకడు నా ప్రాణం తీశాడు. పిల్లనడగాలట. ఆ ఇంటి పెద్దావిడ ఫ్యాక్టరీలో పనిచేసిందట, అందుకని అసలైనవే కావాలి, ఆవిడ ముందు తక్కువవి పెట్టను అంటాడు. అంత డబ్బు లేదు. రోజూ వచ్చి నిలబడేవాడు. చివరికి ఇది ఇచ్చి నడుచుకుంటూ పోయాడు."

"మరి అసలైనవే ఇచ్చావా?"

చిచో నవ్వాడు. "పెద్దమ్మా! సైకిలుకి అసలైనవి ఎవడిస్తాడు?"

(ఇక్కడ నేను కలం కింద పెట్టాను. అమ్మమ్మ లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. నా కోసమో, తన కోసమో తెలియదు, గ్లాసు నా ముందు పెట్టి తనే తాగింది. మళ్లీ మొదలుపెడుతున్నాం. – నె.)

తమ్ముడూ, బజారులో, అంతమంది ముందు, వాడు చెమటలు కక్కుకుంటూ నడిచి రావడం, పొయ్యిలు బాగుచేసే సామాను భుజాన మోసుకుని ఊరంతా తిరగడం, అలమర మీదికి చూసి తల దించుకోవడం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలబడ్డాయి. నటన అన్నాను కదా నేను.

అయినా హ్యాండిలు వదల్లేదు.

"చిచో, నీ గుమ్మం ఎక్కడో చెప్పు. రేపటి నుంచి కుర్చీ తెచ్చుకుని అక్కడ కూర్చుంటాను. నీ దగ్గరికి వచ్చే ప్రతి విదేశీయుడి ముందూ ఒక చుట్ట చీల్చి చూపిస్తాను."

"నీకు వాళ్ల భాష వచ్చా ఏం?"

"అరటాకుకి భాష ఎందుకురా?"

జనం గొల్లున నవ్వారు. వీధి మూలన నిలబడ్డ పోలీసు తల ఇటు తిప్పాడు. చిచో సైకిలు దిగిపోయాడు. దిగుతూ, "కనీసం ఆ పెట్టే, పట్టీలూ అయినా తిరిగివ్వు పెద్దమ్మా. లోపలి సరుకు కంటే వాటికే నాకు ఎక్కువైంది" అని బతిమాలాడు.

ఇస్తానా? ఇంటికి రాగానే చుట్టలన్నీ గుడ్డలోకి మార్చి, పట్టీలు చింపి, పెట్టెని విరిచి పొయ్యిలో పెట్టాను. నల్ల చిక్కుళ్లు చక్కగా ఉడికాయి. అందులో అసలైనది ఆ దేవదారు చెక్క ఒక్కటే.

సైకిలు తలుపు వెనక దాచాను. నీ జవాబు వచ్చేదాకా వాడిని ఈ గడప తొక్కనివ్వను, వాడితో ఏమీ అననని దీని చేత కూడా ఒట్టు వేయిస్తాను. ఇప్పుడు నాకు దారి తోచడం లేదు, అందుకే అడుగుతున్నాను. ఔను, అడుగుతున్నాను. చుట్ట నకిలీది. పిల్లాడు నకిలీ కాదు. ముట్టించాలా, వద్దా? నాన్న పద్ధతిలో దీనికి జవాబు లేదు. అరటాకు మీద మాట ఇస్తే ఆ మాటకి బలం ఉంటుందా? పోనీ, నీ తోట ఆకుతో చుట్టిన మంచి చుట్ట ఒకటి పంపు. వాడు తెచ్చిందే అన్నట్టు నలుగురి ముందూ అది ముట్టిస్తాను. వాడి పరువూ నిలుస్తుంది, నా నాలుకా బతుకుతుంది.

తొందరగా పంపు. ఇది రాయడం ఆపి నా మెడ పట్టుకుంది, ఊపిరాడటం లేదు.

నీ అక్క
ఒబ్దులియా


తంతి
సాన్ లూయిస్, ఏప్రిల్ 26

నా చుట్ట ముట్టిస్తే నాకు మాట ఇచ్చినట్టు. వాడు తెచ్చిందే ముట్టించు. పంది కులాసా. ఎవెలియో


లుయానో
మే 1

తమ్ముడు ఎవెలియోకి,

నీ తంతి శుక్రవారం అందింది. తంతి తెచ్చినవాడు కూడా పందిని గురించి అడిగాడు. జూన్ రెండో శనివారం అనుకుంటున్నాం. పందిని రైల్లో తేవద్దు, అక్కడే కోయించు, మేమే వస్తాం. జెనాయిదతో చెప్పు, పెళ్లికూతురి గౌనుకి మిగ్దాలియా దగ్గర కుట్టు మిషను ఉంది గానీ గుడ్డ లేదు. మీ దోమతెర ఒకటి మంచిది ఉండాలి కదా, అడుగుతున్నాను, అంతే.

నిన్న ఆదివారం జరిగింది చెబుతాను.

వాడికి కబురు పెట్టి, వాడు వచ్చేసరికి సైకిలు గది మధ్యలో పెట్టాను. మిగ్దాలియాని, పైవాటా ముసలాయనని పిలిచి కూర్చోబెట్టాను. వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. సైకిలు చూశాడు, నన్ను చూశాడు, అలమర చూశాడు. అలమర మీద పెట్టె లేదు. ఒస్మెల్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"పెట్టె... తిరిగిచ్చేశారా, అమ్మమ్మగారూ?"

"పెట్టె చిక్కుళ్ల కింద కాలిపోయింది. చుట్టలు ఇవిగో" అని గుడ్డ విప్పాను.

పట్టీలు లేకుండా అవి ఎలా ఉన్నాయో అప్పుడు చూశాడు వాడు. వంకర టింకరగా, ఎవరి దారి వారిదిగా. మెల్లగా తీసి కొనలోకి చూశాడు. ఫ్యాను లోపల ఏం కాలిందో చూసేవాడు కదా, పొట్టు కనబడితే పోల్చుకోలేడా?

"ఇవి మంచివి కావు కదండీ" అన్నాడు.

"కావు."

"మీకు మొదటి రోజే తెలుసా?"

"మూత ఎత్తకముందే."

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు చెప్పలేదనలేదు, ఇన్నాళ్లు నన్ను దొంగ కింద చూశావా అనలేదు. గుడ్డ మడవబోయాడు. "ముట్టించకండి. మీకు పడదు. ఎలాగో ఇంకో పెట్టె తెస్తాను, అసలైనవి" అన్నాడు.

"చెయ్యి తియ్. అవి నాకిచ్చినవి" అన్నాను. "లైటరుందా నీ దగ్గర?"

ఊరందరి లైటర్లు నింపేవాడు. వాడిది మూడుసార్లు నొక్కినా వెలగలేదు. పైవాటా ముసలాయన నవ్వాడు. నాలుగోసారి వెలిగింది. మంట చుట్ట చుట్టూ తిరిగింది గానీ అంటుకోవడానికి ఇంకాసేపు పట్టింది.

తమ్ముడూ, నీకు క్షమాపణ చెబుతున్నాను. ఆ చుట్టని చివరిదాకా కాల్చిన మనిషివి నువ్వు! మొదటి దమ్ముకి కాలిన పరుపు, రెండో దమ్ముకి మాడిన బెల్లం. ఆ పైన వచ్చింది పొగాకో, పాత బస్సో దేవుడికే తెలియాలి. మిగ్దాలియా లేచి కిటికీ తెరిచింది. ఇది ఏడుస్తోందో దగ్గుతోందో తెలియలేదు. నా కళ్లలో కూడా నీళ్లు వచ్చాయి, పొగకి.

"ఆర్పేయండి అమ్మమ్మగారూ, చాలు" అన్నాడు వాడు.

"సగంలో ఆర్పితే సగం మాట ఇచ్చినట్టు. కూర్చో."

మంచి చుట్టకి బూడిద గట్టిగా నిలుస్తుంది కదా. దీని బూడిద దీపం పురుగులు రాలినట్టు రాలుతోంది. నేను వేసుకున్నది ఉన్నవాటిలో మంచి గౌను. వాడు నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చుట్ట కింద అరచెయ్యి పెట్టాడు. నా చెయ్యి నోటి దగ్గరికి వెళితే వాడి చెయ్యి కూడా వెళ్లింది, కిందికి వస్తే కిందికి వచ్చింది. నిప్పురవ్వ పడినప్పుడు వేళ్లు ముడుచుకున్నాయి గానీ చెయ్యి తీయలేదు. నేను వేళ్లకి సెగ తగిలేదాకా కాల్చాను.

అయిపోయాక వాడు లేచాడు. అరచేతి నిండా బూడిద. తలుపు వైపు రెండడుగులు వేశాడు, మళ్లీ వంటింటి వైపు తిరిగాడు. ఎక్కడ పోయాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయి, ఎవరో పరాయివాళ్ల ఇంట్లో ఉన్నట్టు నా మొహం వైపు చూశాడు.

"నన్నెందుకురా అడుగుతావు?" అన్నాను. "నీ ఇల్లు. నీ ఇష్టం వచ్చినచోట పోసుకో."

నీ అక్క
ఒబ్దులియా